పదిహేనో ఏడాది ఎక్కడిది?

(ఈ ఇద్దరూ నేను కల్పించిన మనుషులే. మామూ కర్నూలులో చాలాకాలం పిల్లలకు అరబీ చెప్పి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాడు. మేనకోడలు తెలుగు సాహిత్యంలో పరిశోధన చేస్తోంది. వాళ్ల పేచీ మాత్రం కల్పన కాదు. ఖుర్ఆన్ కథల్ని సాహిత్య సిద్ధాంతాలు పెట్టి చదవొచ్చా, చదివితే ఏం దొరుకుతుంది, ఏం జారిపోతుంది అన్న తగువు మీద కైరోలో పరిశోధన గ్రంథం తిరస్కారానికి గురైంది, కోర్టు కేసు కూడా నడిచింది. వీళ్లిద్దరి మాటా 12వ సూరా, యూసుఫ్, దగ్గర మొదలైంది. సూరా అంటే ఖుర్ఆన్ అధ్యాయం, ఆయతు అంటే అందులోని వచనం, తఫ్సీర్ అంటే వ్యాఖ్యానం, అది రాసేవాడు ముఫస్సిర్, వహీ అంటే దైవవాణి, సీరా అంటే ప్రవక్త జీవితచరిత్ర.)

మామూ: యూసుఫ్ సూరా మీద ఏదో రాస్తున్నావంటనే. మీ అమ్మ చెప్పింది.

మేనకోడలు: చొక్కా గురించి మామూ.

మామూ: చొక్కా గురించా! అంత పెద్ద ప్రవక్త కథలో నీకు చొక్కా దొరికిందా?

మేనకోడలు: ప్రవక్త గురించి మీ దగ్గర కూర్చునే నేర్చుకున్నా కదా. ఇప్పుడు చొక్కాను పట్టుకున్నా. అది మూడుసార్లు వస్తుంది. 18వ ఆయతులో అన్నలు తమ్ముడు యూసుఫ్‌ని బావిలో పడేసి, వాడి చొక్కాకి దొంగ నెత్తురు పూసి, తోడేలు తినేసిందంటూ తండ్రికి తెచ్చి చూపిస్తారు. 25లో యూసుఫ్‌ని ఇంట్లో పెట్టుకున్న ఈజిప్టు అధికారి అజీజ్ భార్య వెంటపడి లాగితే వెనక వైపు చిరుగుతుంది. 93లో యూసుఫే తన చొక్కా ఇచ్చి పంపిస్తాడు, దాన్ని ముఖం మీద వేస్తే తండ్రి యాఖూబ్‌కి పోయిన చూపు తిరిగొస్తుంది.

మామూ: ఇది నువ్వు కనిపెట్టింది కాదమ్మా. యూసుఫ్ చొక్కాలో మూడు నిదర్శనాలున్నాయని కూఫా పండితుడు షాబీ అన్నట్టు పాత తఫ్సీర్లలోనే ఉంది.

మేనకోడలు: తెలుసు. మూడని ఆయన లెక్కపెట్టాడు. ఆ మూడూ ఒకదానికొకటి ఎలా ఎదురు నిలబడ్డాయో చూడాలని నా పాట్లు. మొదటి చొక్కా మీద నెత్తురుంది, చిరుగు లేదు. ఎంత మెత్తని తోడేలు ఇది, బిడ్డను తిని చొక్కా చింపలేదే అని యాఖూబ్ అన్నట్టు ముఫస్సిర్లు చెబుతారు కదా?

మామూ: చెబుతారు. ఆయతులో ఆ మాట లేదు. మీ మనసులు మీకేదో కల్పించి పెట్టాయన్నంత వరకే ఉంది.

మేనకోడలు: ఆ కథనం చెప్పినవాళ్లు భలే పట్టుకున్నారు మామూ. ఇప్పుడు రెండో చొక్కా చూడండి. చిరుగుంది, నెత్తురు లేదు. మొదటిది అబద్ధానికి సాక్ష్యమైతే రెండోది నిజానికి. ఇక మూడోదాని మీద నెత్తురూ లేదు, చిరుగూ లేదు. ఉన్నది వాసనొక్కటే. బిడారు అక్కడ బయల్దేరిందో లేదో ఇక్కడ ముసలాయనకి యూసుఫ్ వాసన తగిలింది. ఇంట్లోవాళ్లేమో మళ్లీ పాత పిచ్చి మొదలైందన్నారు. ఒట్టి చొక్కాకి ఏ అర్థమూ లేదు. పక్కన రెండో చొక్కాని పెట్టి చూస్తేనే మొదటిది మాట్లాడుతుంది.

మామూ: బాగానే ఉంది. మరి తోడేలు?

మేనకోడలు: తోడేలంటే నాకు ఇంకా ఇష్టం, ఎందుకంటే కథలో తోడేలే లేదు! అది మొదట తండ్రి నోట్లోంచే వచ్చింది. మీరు ఆదమరిస్తే వాణ్ని తోడేలు తింటుందేమోనని నాకు భయం అంటాడు 13లో. నాలుగు ఆయతులు దాటేసరికి కొడుకులు అదే మాట తెచ్చి ఆయన చేతిలోనే పెట్టారు. తండ్రి భయం కొడుకుల అబద్ధమైంది. లేని జంతువు ఒక ఇంటిని కొన్నేళ్లపాటు ఏడిపించింది.

మామూ: (కాసేపు ఆగి) సరే. ఇందులో నాకు పేచీ లేదు. మీ ప్రొఫెసర్లు దీన్ని ఫ్రాన్సు నుంచి వచ్చిన విద్య అంటారు చూడు, అక్కడుంది. 1078లో పోయిన అబ్దుల్ ఖాహిర్ జుర్జానీ అప్పుడే తేల్చేశాడు, గొప్పతనం విడి మాటలో లేదు, మాటల కూర్పులో ఉందని. దాన్నే నజ్మ్ అన్నాడు. మన దేశంలో, ఆజంగఢ్ వైపు ఫరాహీ సాబ్ ఒక్కో సూరాకి ఒక్కో కేంద్రం ఉంటుందని జీవితమంతా అదే పనిలో గడిపి 1930లో పోయాడు. ఆయన శిష్యుడు ఇస్లాహీ దాన్ని ఖుర్ఆన్ మొత్తానికీ పట్టించి తఫ్సీర్ రాశాడు.

మేనకోడలు: ఫ్రాన్సు విద్య ఫ్రాన్సులోనే పుట్టలేదు మామూ. నేను వాడే సంకేతశాస్త్ర పద్ధతి గ్రీమాస్‌ది. ఆయన లిథువేనియావాడు. 1949 నుంచి కొన్నేళ్లు ఈజిప్టులోనే, అలెగ్జాండ్రియాలో పాఠాలు చెప్పాడు. ఫ్రెంచ్ విమర్శకుడు రోలాఁ బార్త్ ఆయనకి తగిలింది అక్కడే. 1966లో ఆయన పెద్ద పుస్తకం వచ్చింది. ఏ కథలోనైనా అర్థం జంటల మీద నిలబడుతుంది, జీవితం-మరణం, ఉండటం-అనిపించటం అన్నట్టు. ఒక్కో జంటనీ నాలుగు మూలల చదరంగా గీసుకుని, పాత్రలు ఏ మూల నుంచి ఏ మూలకి కదిలాయో చూడమన్నాడు.

మామూ: గీసుకో. బావి-సింహాసనం, చెర-రాజసభ, గుడ్డితనం-చూపు, బక్క ఆవులు-బలిసిన ఆవులు. ఇట్లా చెప్పుకుంటూ పోతే మన సినిమాల్లోనూ దొరుకుతాయి కదమ్మా, పల్లె-పట్నం, కోటీశ్వరుడు-కూలోడు. జంటలు ఎక్కడ లేవు? జంటలున్నంత మాత్రాన దానికి వహీ గొప్పతనం వస్తుందా?

మేనకోడలు: రాదు. జంటలు ఉన్నాయనటం నా వాదన కాదు. ఈ కథ వాటిని ఏం చేసిందన్నది చూడండి. ఇదే కథ బైబిల్లో, ఆదికాండంలో ఉంది. అక్కడా యోసేపు బట్టకి మేక నెత్తురు పూస్తారు, తండ్రి నమ్మి బట్టలు చింపుకుంటాడు. అక్కడా యజమాని భార్య చేతిలో బట్ట చిక్కుతుంది, ఆ బట్టే యోసేపుని జైలుకి పంపుతుంది. అంటే అక్కడ బట్ట రెండుసార్లూ అబద్ధం చెప్పి గెలిచింది. ఇక్కడ మొదటిసారే తండ్రి నమ్మలేదు. రెండోసారి చొక్కా యూసుఫ్ వైపు సాక్ష్యం చెప్పింది. మూడో చొక్కా అక్కడ లేనే లేదు. ఒకే కథ, రెండు వేరే అల్లికలు. అల్లిక మారితే అర్థం మారింది. దీన్ని చూపించడానికి చదరం కావాలా వద్దా?

మామూ: చదరం లేకుండా నువ్వే ఇప్పుడు చెప్పావు కదా.

(ఈ దెబ్బ తగిలింది. అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. సిద్ధాంతం పేరెత్తకుండా చెప్పినంతసేపూ ఆమె చెప్పిందే బాగుందని నాకూ అనిపించింది.)

మామూ: నా అసలు ఇబ్బంది చెబుతా విను. నీ జంటల్లో రెండు వైపులూ సమానం. తూకం రాళ్ల మాదిరి. ఖుర్ఆన్‌లో అట్లా ఉండదు. చీకటీ వెలుగూ అనే జంట తీసుకో, ఎన్ని చోట్ల వస్తుందో. వెలుగు ప్రతిసారీ ఏకవచనం, నూర్. చీకటి ప్రతిసారీ బహువచనం, జులుమాత్. దారి తప్పడానికి వంద తోవలు, దారి ఒకటే. ఈ జంట పుట్టుకతోనే ఒరిగి ఉంది. ఒరిగిన జంటని సమానంగా గీస్తే నీ బొమ్మ మొదటి గీతలోనే తప్పు కదా?

మేనకోడలు: గ్రీమాస్ కూడా కథకి ఒక వైపు మొగ్గు ఉంటుందనే అన్నాడు. అయినా ఒప్పుకుంటా, వ్యాకరణంలోనే ఆ ఒరుగు ఉందని నాకు తట్టలేదు, రాసుకుంటా. నా పద్ధతిని సమర్థించేది నేను కాదు, ఆ సూరాయే. 26, 27 ఆయతులు గుర్తున్నాయా?

మామూ: ఆమె ఇంటివాళ్లలోనే ఒకడు సాక్ష్యం చెప్పడం.

మేనకోడలు: ఆ సాక్షి ఎట్లా మాట్లాడాడు? తలుపు దగ్గర ముగ్గురూ ఎదురుపడ్డారు. నీ ఇంటిదాని మీద చెడు తలచినవాడికి ఏం శిక్ష అని ఆమె అంటోంది. కాదు, ఆమే నన్ను రమ్మందని యూసుఫ్ అంటున్నాడు. ఇద్దరి మాటా చెరోవైపు. సాక్షి ముందు చొక్కా చూడలేదు, సూత్రం చెప్పాడు: ముందువైపు చిరిగితే ఆమెది నిజం, ఇతనిది అబద్ధం, వెనకవైపు చిరిగితే ఆమెది అబద్ధం, ఇతనిది నిజం. ముందు-వెనక, నిజం-అబద్ధం, నాలుగు మూలలూ వచ్చేశాయి. ఆ తర్వాతే, 28లో, చొక్కా చూశారు. గుర్తుని ఎలా చదవాలో కథే కూర్చోబెట్టి నేర్పిస్తోంది మామూ! నేను బయట నుంచి పద్ధతి తెచ్చి రుద్దానంటారా?

మామూ: అబ్బో, వకీలు మాదిరి మాట్లాడావు. సబాష్. మరి ఆ తర్వాత ఏమైంది?

మేనకోడలు: ఏమైంది? నిర్దోషని తేలింది.

మామూ: తేలాక?

మేనకోడలు: పట్నంలో ఆడవాళ్లు గుసగుసలాడారు. ఆమె విందుకి పిలిచి చేతికి కత్తులిచ్చింది, అతన్ని చూసి వాళ్లు చేతులు కోసుకున్నారు. చూశారా, మొదట దొంగ నెత్తురు, ఇప్పుడు నిజం నెత్తు...

మామూ: అక్కడ నెత్తురన్న మాట లేదు. చేతులు కోసుకున్నారని మాత్రమే ఉంది. నెత్తురు నువ్వు పూస్తున్నావు, అన్నలు పూసినట్టు.

మేనకోడలు: (నవ్వి) సరే, తుడిచేశా.

మామూ: 35 చదువు. నిదర్శనాలన్నీ కళ్లారా చూసిన తర్వాత కూడా, ఇతన్ని కొంతకాలం చెరలో పెడదామని వాళ్లకు తోచింది. ఆయతు చెప్పేది అంతే. సాక్షి సూత్రం సరైనదే, చొక్కా సాక్ష్యం సరైనదే, చదవటంలో తప్పు లేదు. మనిషి మాత్రం జైలుకి పోయాడు. గుర్తు చదవటం వేరు, దానికి తలవంచటం వేరు. మీ సిద్ధాంతంలో గుర్తు అర్థమైతే పని అయిపోయినట్టే. ఖుర్ఆన్‌లో పని అక్కడ మొదలవుతుంది. పెద్దింటి పరువు అడ్డమొస్తే, వెనక చిరిగిన చొక్కాని కూడా ముందు చిరిగినట్టే చూస్తారు.

(35వ ఆయతు మీద ఒక్క పేజీ అయినా లేకుండా ఈ సూరా మీద ఎవరైనా సంకేతశాస్త్ర వ్యాసం పంపితే, సంపాదకుడిగా నేను వెనక్కి పంపేస్తాను.)

మేనకోడలు: అది అధికారం సంగతి. దాన్నీ చదవొచ్చు.

మామూ: చదువు. ఇంకోటి అడుగుతా. రాజుగారి కలలో ఏముంది?

మేనకోడలు: ఏడు బలిసిన ఆవుల్ని ఏడు బక్క ఆవులు తినేస్తాయి. ఏడు పచ్చని వెన్నులు, ఏడు ఎండినవి. ఇంతకన్నా శుభ్రమైన జంట ఎక్కడ దొరుకుతుంది?

మామూ: యూసుఫ్ చెప్పిన అర్థం?

మేనకోడలు: ఏడేళ్లు వరసగా సేద్యం చేయండి, కోసిన పంటలో తిండికి కొంచెం తీసుకుని మిగిలింది వెన్నుతోనే ఉంచండి. ఆ తర్వాత ఏడేళ్లు కరువు, దాచిందంతా ఊడ్చుకుపోతుంది. ఆ తర్వాత...

మామూ: ఆ తర్వాత?

మేనకోడలు: ఒక ఏడాది వస్తుంది, జనానికి వాన కురుస్తుంది, పళ్లు పిండుకుంటారు.

మామూ: అది 49. ఏడూ ఏడూ పద్నాలుగు. పదిహేనో ఏడాది ఎక్కడిది? కలలో అటువంటి ఆవు లేదు, అటువంటి వెన్ను లేదు. రాజు అడగలేదు. నీ బైబిల్లో చెప్పిన అర్థంలోనూ కలకి సరిపడా పద్నాలుగే ఉన్నాయి. ఇక్కడ ఒకటి ఎక్కువొచ్చింది. జంట ముగిసిన చోట యూసుఫ్ నోట ఇంకో మాట వచ్చింది. కలలో లేని జ్ఞానం అల్లా ఇచ్చాడని పాత ముఫస్సిర్లు అన్నది దీనికే. నీ చదరంలో దాన్ని ఏ మూల కూర్చోబెడతావు?

మేనకోడలు: ...ఏ మూలా పట్టదు.

మామూ: అదీ.

మేనకోడలు: ఆగండి మామూ, ఇంకా అయిపోలేదు. చదరం గీసినందుకే కదా అది పట్టలేదని తెలిసింది? ఇన్నిసార్లు ఈ సూరా విన్నాను. రంజాన్ నెలలో మీ వెనక నిలబడి విన్నాను. కరువు తర్వాత వాన రావటం మామూలే కదా అనుకుని పోయాను. ఏడుకి ఏడు లెక్క కట్టాకే ఒకటి మిగిలింది.

మామూ: (తల ఊపి) ఆ మాట కాదనను.

మేనకోడలు: మీరు ఒప్పుకున్నారు కాబట్టి ఇంకో కథ తీస్తా. కహఫ్ సూరాలో మూసా ప్రయాణం. ఒక దైవదాసుడి వెంట పోతాడు...

మామూ: ఖుర్ఆన్‌లో పేరు లేదు. హదీసులో ఖిజర్ అని ఉంది.

మేనకోడలు: ఖిజరే. పేదల పడవకి చిల్లి పెట్టాడు. ఒక పిల్లవాణ్ని చంపాడు. తిండి పెట్టని ఊళ్లో పడిపోబోయే గోడ నిలబెట్టాడు, కూలి కూడా అడగలేదు. మూడుసార్లూ మూసా ఊరుకోలేకపోయాడు. చివర్లో అర్థం తెలిసింది. మంచి పడవల్ని లాక్కునే రాజొకడు వస్తున్నాడు, చిల్లి పడితే వదిలేస్తాడు. గోడ కింద ఇద్దరు అనాథల సొత్తుంది. గ్రీమాస్ చెప్పిన ఉండటం-అనిపించటం ఇదే కదా? కీడనిపించింది మేలైంది. ఇంతకంటే అచ్చమైన ఉదాహరణ నాకు ఏ కథలోనూ దొరకలేదు.

మామూ: పడవ చూసి మూసాకి ఎందుకు తెలియలేదు?

మేనకోడలు: రాజు సంగతి తెలియదు కాబట్టి.

మామూ: చొక్కా దగ్గర సాక్షికి కూడా జరిగింది తెలియదు. గది తలుపులు మూసి ఉన్నాయి. అయినా సూత్రం చెప్పాడు, తేల్చాడు. ఎందుకంటే చిరుగులో జవాబు ఉంది. పడవ చిల్లిలో జవాబు లేదు. వెయ్యేళ్లు ఆ చిల్లి కేసి చూస్తూ కూర్చున్నా రాజు కనపడడు. అల్లా ఈ రెండు రకాలూ పెట్టాడు బేటీ. ఒక రకం గుర్తు మనిషి తెలివికి లొంగుతుంది, చదవకపోతే తప్పు మనిషిదే. ఇంకో రకం ఎవరో చెబితే తప్ప తెలియదు, అక్కడ మూసా అంతటివాడు ఓపిక పట్టలేకపోయాడు. నువ్వు రెండిటికీ ఒకే చదరం గీస్తున్నావు. పడవ కథకి నువ్వు గీసే బొమ్మ ఖిజర్ చెప్పిన తర్వాత గీసిన బొమ్మ. ముందు గీయి చూద్దాం!

(మొత్తం సంవాదంలో నాకు అన్నిటికన్నా బరువైన వాదన ఇదే. అమ్మాయి దీనికి నేరుగా జవాబు చెప్పలేదు. చెప్పకుండా ఎదురుదాడికి దిగింది.)

మేనకోడలు: ఇదంతా ఇంత బాగా మాట్లాడే మీరు, ఖలఫల్లా పేరెత్తితే మాత్రం ముఖం ముడుచుకుంటారు. 1947లో కైరోలో ఆయన చేసింది ఏమిటి? అమీన్ అల్ ఖూలీ దగ్గర ఖుర్ఆన్ కథనకళ మీద పరిశోధన. ఈ కథల్ని చరిత్ర రికార్డుగా కాక, మనసు మీద పని చేసే సాహిత్యంగా చూడాలన్నాడు. యూనివర్సిటీ ఆ థీసిస్‌ని తిరస్కరించింది. ఇదే దారిలో పరిశోధన చేసిన నస్ర్ అబూ జైద్‌ని 1995లో మతం వదిలాడని కోర్టు తీర్పు చెప్పి, పెళ్లి కూడా రద్దు చేసింది. భార్యాభర్తలు హాలెండ్ పోయి బతికారు. చొక్కా సాక్ష్యం అందరికీ కనపడింది, మనిషి మాత్రం జైలుకి పోయాడన్నారు ఇందాక. ఇదీ అంతే కదా?

మామూ: పెళ్లి రద్దు చేయటం జుల్మ్, అన్యాయం. పుస్తకానికి పుస్తకంతో జవాబు చెప్పాలి, అది నా మాట, ఎక్కడైనా అంటా. కానీ ఖలఫల్లా విషయంలో నా భయం వేరే. కథ జరగలేదు, మనసు కోసం చెప్పిందంటే, వినేవాడి దగ్గర ఏం మిగులుతుంది? ఈ సూరా మక్కాలో వచ్చింది. ప్రవక్తని సొంత వంశంవాళ్లే తరుముతున్న కాలం. అన్నలు తమ్ముణ్ని బావిలో వేసిన కథ అప్పుడు విన్నవాడికి అది అందమైన అల్లిక కాదు. ఇది జరిగింది, నీకూ జరుగుతుంది, నువ్వూ బయటికి వస్తావు. జరగనిదైతే ఆ భరోసా ఎవరిస్తారు?

మేనకోడలు: 630లో మక్కా చేతికి వచ్చిన రోజు కథనం ఉంది కదా మామూ. ఖురైషులు తలలు వంచుకుని నిలబడితే, యూసుఫ్ తన అన్నలతో అన్న మాటే నేనూ అంటున్నానని ప్రవక్త క్షమించి పంపాడని.

మామూ: ఉంది. సీరా చెప్పేవాళ్లు చాలామంది దాన్ని చెబుతారు.

మేనకోడలు: అది విని ఖురైషులకి ఎట్లా అర్థమైంది? ఎవరు అన్నలో, ఎవరు యూసుఫో వాళ్లకి చప్పున తట్టింది. ఒక కథలోని మనుషుల్ని ఇంకో కథలోని చోట్లలో నిలబెట్టి చూపించారు. నేను చేసేదీ అదే. పేర్లు తీసేసి చోట్లు చూస్తాను.

మామూ: ఆయన పేర్లు తీసేయలేదమ్మా. చోటు చూపించి, పగ వదిలేశాడు. నీ వ్యాసం చోటు చూపించి ఆగిపోతుంది.

మేనకోడలు: వ్యాసం అంతవరకే చేయగలదు. పగ వదలటం వ్యాసం పని కాదు.

మామూ: అయితే ఆ సంగతి మొదటి పేజీలో రాయి. పదిహేనో ఏడాదికి విడిగా ఒక అధ్యాయం పెట్టు. పడవకీ చొక్కాకీ తేడా చెప్పు. అప్పుడు తీసుకురా, అచ్చుతప్పులు నేను దిద్దుతా.

మేనకోడలు: తెలుగు అచ్చుతప్పులా?

మామూ: అరబీవి. తెలుగువి నువ్వే చూసుకో.

(పాఠకులకు ఒక మాట. చిలుకూరి నారాయణరావు గారి కాలం నుంచే ఖుర్ఆన్ తెలుగులో ఉంది, తర్వాత వచ్చిన అనువాదాలూ ఇప్పుడు సులువుగా దొరుకుతున్నాయి. యూసుఫ్ సూరాలో ఉన్నది 111 ఆయతులు. మూసా కథలాగా పలు సూరాల్లో చెదిరిపోకుండా, యూసుఫ్ కథ మొత్తం ఇక్కడే ఒక వరసలో ఉంది, ఒక్క పూటలో చదివేయొచ్చు. ఈ ఇద్దరిలో ఎవరి పక్షం తీసుకునే ముందైనా, దయచేసి దాన్ని ఒకసారి ఆపకుండా చదవండి. 35 దగ్గరా 49 దగ్గరా కాస్త నిలబడండి.)